ఎవరా అడ్యేరి?

కసైజా రబ్బరు బూట్లలో ఒక కాలు పెట్టాడో లేదో, కునిహిర వచ్చి తలుపుకి అడ్డంగా నిలబడింది.

"ఆ అడ్యేరి ఎవరో చెప్పి మరీ గడప దాటు."

"ఏ అడ్యేరి?"

"రాత్రి నీ కలలోకొచ్చిందే, ఆ అడ్యేరి! 'భయపడకు అడ్యేరీ, ఇక్కడికెవరూ రారు, ఇంకాస్త దగ్గరికొచ్చి కూర్చో' అని గారాలు పోయావుగా! నాకేమో వీపు, దానికేమో ముచ్చట్లు!"

ఆమె గొడవలో న్యాయం ఉంది. ఉగాండాలోని ఈ టోరో వాళ్ళలో ప్రతి బిడ్డకీ అసలు పేరుతో పాటు ఒక ముద్దుపేరు పెడతారు. ఉన్న ముద్దుపేర్లన్నీ కలిపితే ఓ డజను. సంతలో నిలబడి 'అడ్యేరీ' అని కేకేస్తే ఎంతమంది ఆడవాళ్ళు వెనక్కి తిరుగుతారో! వాళ్ళలో ఏ అడ్యేరి అని వెతుక్కోవాలి పాపం?

కసైజా కాసేపు తెల్లమొహం వేసి, తర్వాత పడీపడీ నవ్వాడు.

"ఓసి పిచ్చిదానా! అడ్యేరంటే చింపాంజీ. పిల్లతల్లి. రెండేళ్ళుగా దాని వెనకాల తిరిగి మనుషులకి మచ్చిక చేస్తున్నది నేనే. ఆ పేరు పెట్టిందీ నేనే. ఆఖరికి కోతి మీద కూడా కుళ్ళేనా నీకు?"

"ఊళ్ళో ఆడవాళ్ళ పేరు కోతికి పెట్టే మొగుణ్ణి నిన్నే చూశాను."

"నమ్మకపోతే వచ్చి చూసుకో. పార్కు సిబ్బంది ఇంట్లోవాళ్ళకి ఏడాదికోసారి ఊరికే చూపిస్తారుగా," అంటూ రెండో బూటు తొడుక్కుని ఆమెని తప్పించుకుని వెళ్ళిపోయాడు. నిజంగా వస్తుందనుకోలేదు.

వెళ్ళింది. పొయ్యి మీద ఉడుకుతున్న మటోకె అరటికాయల్ని పక్కింటావిడకి అప్పగించింది. పండగ గౌను బయటికి తీసి, కోతిని చూడటానికి ఇదెందుకని మళ్ళీ పెట్టెలో పడేసింది. చెవులకి కొత్త పోగులు మాత్రం పెట్టుకుంది.

పార్కు గేటు దగ్గర సందర్శకులకి మాస్కులిచ్చే అమ్మాయి పేరు టుసీమె. నవ్వితే బుగ్గలు సొట్టలు పడుతున్నాయి. ఆ సొట్టలు కునిహిరకి నచ్చలేదు. ఈ మధ్య ఆమెకి ఏ ఆడదాని నవ్వూ నచ్చడం లేదు.

"నేను ట్రాకర్ కసైజా భార్యనమ్మా. నా ముద్దుపేరు అబ్వోలి. నీదేంటి?" అనడిగింది. ముద్దుపేరు అడగకపోతే అక్కడ పలకరించినట్టే కాదు.

"అయ్యో, మీ గుంపు వెళ్ళిపోతోందక్కా!" అంటూ టుసీమె గబగబా మాస్కు తీసి ఆమె చెవులకి తగిలించింది.

"నువ్వు రోజూ చూస్తుంటావా ఆ చింపాంజీల్ని?"

"నేనా? అమ్మో! నాకు అడవంటే చచ్చేంత భయం. ఈ గేటు దాటి ఒక్క అడుగు వేస్తే ఒట్టు."

పేరడిగితే చెప్పదు, ఏం పిల్లో మర్యాద లేకుండా, అనుకుంటూ కునిహిర గుంపు వెనక పరిగెత్తింది.

గుంపుని నడిపించే గైడు ముసలి బ్యాముకామ. మంచివాడే కానీ నోట్లో నువ్వుగింజ నానదు. వేర్లు దాటుకుంటూ, బురదలో జారుకుంటూ వెళ్ళినంతసేపూ వార్డెను గారి గురక మొదలుకొని వంటవాడి అప్పుల దాకా అన్నీ చెప్పేశాడు. ఉన్నట్టుండి పెదాల మీద వేలు పెట్టుకుని ఆగాడు.

ఎదురుగా అత్తిచెట్టు. దాని కింద కసైజా కూర్చుని, తల పైకెత్తి మాట్లాడుతున్నాడు.

"భయపడకు అడ్యేరీ. వీళ్ళేమీ అనరు. రా, ఇంకాస్త కిందికి రా."

అచ్చం రాత్రి గొంతే. పొట్టని పిల్ల కరుచుకుని ఉండగా, ఆడ చింపాంజీ ఒకటి పండు నములుతూ కింది కొమ్మ మీదికి దిగింది.

"అదేనమ్మా అడ్యేరి," అన్నాడు బ్యాముకామ గుసగుసగా.

కునిహిర గుండెల మీంచి బండ దిగింది. దిగిన చోట మళ్ళీ ఓ చిన్న రాయి వచ్చి కూర్చుంది. కోతే కావచ్చు. ఆ గొంతుతో తనతో ఎప్పుడైనా మాట్లాడాడా? అడ్యేరి పొద్దున ఏం తిందో, రాత్రి ఏ చెట్టు మీద పడుకుందో సందర్శకులకి పూసగుచ్చినట్టు చెబుతున్నాడు. ఇంట్లో పెళ్ళాం తిందో లేదో అడిగిన పాపాన పోలేదు. ఆమెకి ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది.

"ఒక్క నిమిషం ఆయన పక్కన కూర్చోనా?"

"నీ మొగుడేగా, వెళ్ళు అబ్వోలీ. చప్పుడు చేయకు."

చప్పుడు చేయకుండానే వెళ్ళి కూర్చుంది. అతని భుజం మీద చెయ్యి వేసి, "నా సవతి బావుంది మొగుడా," అంది.

"నువ్వా!" కసైజా ఉలిక్కిపడ్డాడు.

అంతే, పైనుంచి అడవి అదిరేలా అరుపు! అడ్యేరి ఒంటి మీది జుట్టంతా నిక్కబొడుచుకుని కొమ్మ పట్టుకుని ఊపేస్తోంది. పళ్ళు, ఆకులు, రెమ్మలు జలజలా రాలాయి. ఓ అత్తిపండు గురి చూసినట్టు కునిహిర నడినెత్తిన పడింది.

సందర్శకులు పొట్టలు పట్టుకుని నవ్వారు. కునిహిర కూడా నవ్వింది. ఇన్నాళ్ళకి మనసారా నవ్వింది.

"చూశావా, కడుపు మండింది దానికి! ఇన్నాళ్ళూ నేనేడ్చాను, ఇక నువ్వు ఏడవ్వే!" అని పైకి చూసి అంటూ, మొగుడి భుజాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంది.

కసైజా ఒక్కడే నవ్వలేదు. "లే, లే, వెళ్దాం పద," అని ఆమెని లేపబోయాడు.

"కూర్చోనీవోయ్, దానికిది మామూలేగా!" అన్నాడు బ్యాముకామ కళ్ళు తుడుచుకుంటూ. "మన ఇద్దరు అడ్యేరీలకీ ఎప్పుడు పడింది గనక? మాస్కులిచ్చే టుసీమె వచ్చి నీ పక్కన కూర్చున్నప్పుడల్లా ఇంతేగా!"