నలభయ్యో కాగితం

"బాగుండేదమ్మా, చాలా బాగుండేది. ఇక వెళ్లు!" అంటూ దర్జీ వీధి చివరికి ఓ చూపు చూసి, తలుపు మొహమ్మీదే వేసేశాడు.

సర్వే అమ్మాయి ముప్పై తొమ్మిదో కాగితం మీద కూడా 'చాలా బాగుంది' దగ్గర టిక్కు పెట్టింది. మాజీ అధినేత పాలన ఎలా ఉండేదన్నది ప్రశ్న. గోడగోడకీ అంటించిన ఆయన గుబురు మీసాల బొమ్మలు చిరిగిపోయి, ఆయన గద్దె దిగి పదేళ్లయింది. అయినా ఆ పేరు చదవగానే ప్రతివాళ్లూ వీధి చివరికి చూడటం, నీళ్లు నమలడం, ఒకటే పాట పాడటం. ఎవరైనా వస్తున్నారేమోనని కాబోలు. భయం చావలేదే!

పొద్దున ఆఫీసరు చెప్పేశాడు. "అన్నీ ఒకేలా వస్తే ఇంట్లో కూర్చుని నింపావనుకుంటారు. ఉద్యోగం ఊడుతుంది, చూసుకో."

అమ్మ ఇంకోటి చెప్పింది. "అడగడం వరకే నీ పని. నువ్వు మాత్రం నోరు జారకు. మీ బాబాయి సంగతి తెలుసుగా!"

తెలియకేం! టీ కొట్టు దగ్గర ఒక్క మాటన్నాడు. జీపొచ్చింది. మనిషి మళ్లీ రాలేదు.

వీధి చివర ఆఖరి ఇల్లు. నున్నగా గడ్డం మీసం గీసుకున్న ముసలాయన మొక్కలకు నీళ్లు పోస్తున్నాడు. ఆమె ప్రశ్న చదివింది.

"దరిద్రపు పాలన," అన్నాడాయన.

ఆమె గబుక్కున వెనక్కి తిరిగి చూసింది. "తాతగారూ, మెల్లగా! ఎవరైనా వింటారు."

"విననీ."

"మీకు భయం లేదా?"

"నాకెందుకమ్మా భయం?"

పొద్దుట్నుంచి బిగబట్టిన ఊపిరి వదిలేసిందామె. దాంతోపాటు నోరు కూడా. "మా బాబాయిని తీసుకెళ్లిపోయారండీ. ఆ మనిషి పేరు వింటేనే నాకు కడుపు మండిపోతుంది. మీకొక్కరికే చెబుతున్నా."

ముసలాయన చెంబు కింద పెట్టాడు. "మీ ఇల్లెక్కడమ్మా?"

"గడియార స్తంభం వెనక సందులో మూడోది. అమ్మా నేనూ ఉంటాం."

"నాలా చెప్పినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?"

"ఒక్కరూ లేరు."

"ఇంకా భయపడుతున్నారన్నమాట," అన్నాడాయన. సంతోషంగా అన్నాడో, బాధగా అన్నాడో ఆమెకు తెలియలేదు. కాగితం మీద పేరు రాసి, సంతకం పెట్టి, మడిచి ఇచ్చాడు.

ఉద్యోగం నిలబడిందన్న సంబరంతో ఆమె గేటు దాటి, కాగితం విప్పి పేరు చదివింది.

ఆ పేరు ప్రశ్నలో అప్పటికే అచ్చయి ఉంది.