ఆస్పత్రికి దారి

ఈ ఊరొచ్చిన వారానికే మా ఆవిడ మోకాలు వాచింది. కొత్తగా వచ్చినవాళ్ళ సాయానికి నిధులున్నాయి, ఆస్పత్రికి మేమే తీసుకెళ్తామని మునిసిపాలిటీ నుంచి కబురొచ్చింది. నలభై ఏళ్ళు తాపీ పట్టిన చెయ్యి, ఒకరి ముందు చాచనన్నాను.

మర్నాడు ఒక పాతికేళ్ళ పిల్ల తలుపు తట్టింది. "తాతగారూ, ఊరికి కొత్తదాన్ని. ఆస్పత్రికి దారి చూపిస్తారా?"

తెలియదంటే పరువేం కాను? నా కోసమైతే తలవంపులు గానీ, పరాయి పిల్ల కోసం అడిగితే తప్పేముంది? నలుగుర్నీ అడిగి బస్సెక్కించాను. పనిలో పనిగా మా ఆవిణ్ణీ ఎక్కించాను.

ఆస్పత్రి గుమ్మంలోనే నర్సు ఆ పిల్లను పలకరించింది. "మేడమ్! ఇవాళ మునిసిపాలిటీ తరఫున ఎవర్ని తెచ్చారు?"

పిల్ల నాలిక కరుచుకుంది. మా ఆవిడ మొహం తిప్పుకుని నవ్వింది.

"తను తేవడమేంటమ్మా, తనను తెచ్చింది నేను!" అన్నాను. "పిల్లా, రేపు బ్యాంకు చూపిస్తా. తొమ్మిదింటికల్లా వచ్చెయ్."