ఓ పిసరు వెనక్కి

"నాగేంద్ర భయ్యా, కమాల్ కర్ దియా! ఇవాళ కూడా ప్యాసింజర్ ఓడిపోయింది!"

మనోజ్ మోటార్ సైకిల్ దిగకుండానే అరిచాడు.

ఊళ్లోంచి మస్తూరీ వైపు పోయే రోడ్డు కొంతదూరం రైలుపట్టాల పక్కనే నడిచి, ఫాటక్ అని పిలిచే కాపలా లేని రైలుగేటు దగ్గర పట్టాలు దాటుతుంది. సాయంత్రం ప్యాసింజర్ రైలు వచ్చేలోగా ఆ ఫాటక్ దాటెయ్యాలి. కాలేజీ కుర్రాళ్ల పందెం అది. మనోజ్ ఇంతవరకూ ఓడలేదు.

ఆ ఘనతలో సగం వాటా తనదేనని మెకానిక్ నాగేంద్ర నమ్మకం.

దయాల్‌బంద్ పేటలో అతని షెడ్డుకి బోర్డు లేదు, అక్కర్లేదు కూడా. స్క్రూడ్రైవర్ ఓ కొస ఇంజన్‌కీ, ఇంకో కొస చెవికీ ఆనించి, బండికి పడిశం పట్టినా చెప్పేస్తాడని పేరు. ఇంట్లోంచి నీలవేణి ఎన్నిసార్లు పిలిచినా మాత్రం వినబడదు. పెళ్లాం గొంతుకి స్క్రూడ్రైవర్ ఆనించలేడు కదా!

"రేపొచ్చి తీసుకెళ్తా, కాస్త చూసి ఉంచు" అని బండి వదిలి మనోజ్ వెళ్లిపోయాడు.

అతనటు వెళ్లిన రెండు గంటలకి ఓ పెద్దాయన వచ్చి బండి దగ్గర నిలబడ్డాడు. ఎప్పుడూ చూసిన మొహం కాదు.

"ఈ బండి మీరే చూస్తారా బాబూ?"

"ఆఁ. ఏటి కావాల?"

"దీని జోరు తగ్గించాలి. నిప్పురవ్వ పడే టైమింగు ఓ పిసరు వెనక్కి జరిపితే చాలు. కుర్రాడికి తెలీకుండా."

నాగేంద్ర నవ్వాడు.

"బండి మీదా?"

"కాదు."

"పోనీ, కుర్రాడు మీవోడా?"

"కాదు బాబూ."

"అచ్ఛా! కుదుదండ్ మెకానిక్ సూర్యం పంపాడన్నమాట. వోడి బండి గెలవాలని మా బండికి మందు పెడతన్నాడా?"

"సూర్యం ఎవరో నాకు తెలీదు. ఆ ఫాటక్ కాడ కుర్రాడు దాటడం తరచూ చూస్తన్నాను. ఏదో ఒకరోజు..."

"చూడకండి. కళ్లు మూసుకోండి."

"మూసుకున్నా అదే కనబడతంది."

పెద్దాయన గొంతు తగ్గించాడు. "పైవాళ్లకి చెప్పొచ్చు. చెప్తే కేసవుతాది. చదువుకునే పిల్లడు, బతుకు పాడైపోద్ది. అందుకే మీ కాడికొచ్చాను."

"ఓహో, బెదిరింపా?"

పెద్దాయన గ్రీజుతో ఉన్న అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. నాగేంద్ర విదిలించుకున్నాడు.

"నడవండి, నడవండి! సూర్యానికి నా సలాం చెప్పండి."

పక్క టీకొట్టులో జనం గొల్లున నవ్వారు. ఆయన చేతులు తుడుచుకోకుండానే వెళ్లిపోయాడు.

గుమ్మంలోంచి నీలవేణి అంది. "పెద్దమనిషి అంతలా అడిగాడు. ఆ పిసరేదో జరిపేస్తే మనకి పోయేదేటి?"

"నా పేరు పోద్ది!"

ఆ పంతంతోనే టైమింగ్ ఓ పిసరు ముందుకి జరిపాడు. అంత ముందుకి పెడితే ఇంజన్ వేడెక్కి పట్టేస్తుందని తెలియనివాడు కాదు. అయినా స్క్రూడ్రైవర్ చెవికి ఆనించుకుని, ఆ జోరు విని మురిసిపోయాడు.

మర్నాడు మనోజ్ బండి తీసుకెళ్లాడు.

సాయంత్రం ఓ సైకిలతను రొప్పుతూ టీకొట్టు ముందు ఆగాడు. "ఫాటక్ కాడ ప్యాసింజర్ ఆగిపోయింది. మోటార్ సైకిల్ కుర్రాడంట!"

నాగేంద్ర పరిగెత్తుకెళ్లేసరికి కుర్రాడి మీద ఎవరో దుప్పటి కప్పేశారు.

"రైలుకన్నా ముందే వచ్చాడు. సరిగ్గా పట్టాల మీద ఇంజన్ బిగుసుకుపోయింది" అంటున్నారెవరో.

ఎందుకు బిగుసుకుపోయిందో అంతమందిలో నాగేంద్ర ఒక్కడికే తెలుసు.

జనం డ్రైవర్‌ని చుట్టుముట్టి తిడుతున్నారు. ఆ తప్పు ఎవరో ఒకరి మీదికి నెట్టెయ్యాలి నాగేంద్రకి. తోసుకుంటూ ముందుకెళ్లి, అందరికన్నా గట్టిగా అరిచాడు.

"నిండు ప్రాణం తీసేశావు! మనిషివేనా నువ్వు?"

ఇంజన్ పక్కన కంకర మీద కూలబడ్డ రైలు డ్రైవర్ మెల్లగా తలెత్తాడు. నిన్న నాగేంద్ర చేతులు పట్టుకుని బతిమాలింది ఆయనే.