ఎలుకకు నయమైంది

ఆదోనిలో దర్జీ ఈరన్నకు చేతుల వణుకు జబ్బు వచ్చింది. అప్పటికి రోగిని పట్టి చూసే పద్ధతి పోయింది. అదే జబ్బున్న ఎలుకను ఆసుపత్రివాళ్లు ఇంటికి పంపి, దాని కాలికి చుట్టిన పట్టీతో కండరాల కదలికలను గీతలుగా కొలిచి రోగికి మందు ఇచ్చేవారు.

"గీతలు బాగున్నాయి. మీ ఆయనకు నయమైంది, మందు ఆపేయండి," అన్నాడు తెర మీది డాక్టరు.

"నయమైంది ఎలుకకు సార్! ఈయన టీ గ్లాసు గూడా పట్టుకోలేకుండాడు. ఒక్కసారి ఇట్ల చూడు," అంది భార్య ఉరుకుందమ్మ.

"మనిషిని చూసి మందివ్వడం మోటు పద్ధతమ్మా."

డాక్టరు కళ్లు గీతల మీదే ఉన్నాయి. ఆమె ఎలుక కాలి పట్టీ విప్పి, భర్త వేలికి చుట్టింది.

"అయ్యో, పాపం ఎలుక!" అని డాక్టరు అదిరిపడ్డాడు.

గంటలో కొత్త మందు వచ్చింది. నెల తిరిగేసరికి ఈరన్న సూదిలో దారం ఎక్కించాడు.

ఎలుకను బతికించినందుకు డాక్టరుకు శాలువా కప్పారు.