గట్టు మీద పాఠం

ఊళ్లో చక్కెర జబ్బు ఉన్న ప్రతి నడుముకూ ఇన్సులిన్ పంపు వచ్చేసింది. కోపానికి చక్కెర పెరిగితే చాలు, అది మందుతోపాటు పాఠమూ ఎక్కించేది. చెప్పినట్టు వినకపోతే ఆస్పత్రివాళ్లు వచ్చి పంపు ఊడబీక్కుపోయేవాళ్లు.

మాణిక్యమ్మ నడుముకూ ఒకటి ఉంది. ఆమె పక్క చేను అంకినీడుకు ఆ జబ్బు లేదు. మాణిక్యమ్మ పంపు నోరు తెరిచేదాకా ఆమెను కవ్వించేవాడు. పంపు కూర్చోమన్నదని ఆమె పోయి తుమ్మచెట్టు కింద కూర్చోగానే గట్టును ఆమె చేలోకి జరుపుకునేవాడు.

ఆ ఉదయమూ పార భుజాన వేసుకుని వచ్చాడు.

"ఏం ఒదినా, ఇయ్యాల తిట్టవేంది? నడుములో పంతులమ్మ ఇంకా లేవలేదా?"

"మా ఆయన పోసిన గట్టురా ఇది! పార దించావంటే చెయ్యి ఇరగ్గొడతా!"

"మాణిక్యమ్మగారూ, మీకు కోపం వచ్చింది," అంది పంపు తియ్యగా. "దయచేసి కూర్చోండి. కోపం చల్లారేవరకు లేవకండి."

అంకినీడు పగలబడి నవ్వాడు. "పో ఒదినా, చెట్టు కిందకి పో. డాక్టర్ల మాట కాదనకూడదు."

మాణిక్యమ్మ రెండడుగులు వేసి ఆగింది. కూర్చోమంటుందేగాని, ఎక్కడ కూర్చోవాలో ఆ పంపు ఎన్నడూ చెప్పలేదు. ఆమె వెనక్కి తిరిగి వచ్చి, కుచ్చెళ్లు ఎగదోపుకుని, సరిగ్గా అతని పార పడబోయే చోట, తడి గట్టు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"చల్లారేదాకా లేవొద్దంటంది, విన్నావుగా. ఇది ఈ జన్మలో చల్లారే కోపం కాదు. దించరా పార!"