హంస కోసం హింస

"కూసోకుండ్రి సేటూ! కూసుంటే హంసలు రావు!"

నారుమడి గట్టు మీద చతికిలపడబోయిన సాయిప్రసాద్, ఆ మడి రైతు మైసయ్య కేకకు మళ్ళీ నిటారుగా నిలబడ్డాడు. సిద్దిపేటలో ఆయనది గిన్నెల దుకాణం. అమ్మేది స్టీలు, తీసేది స్టిల్లు. చలికాలం ఈ వాగుకు వచ్చే పట్టెతల బాతులను పట్టుబట్టి హంసలనే అంటాడు. పక్షుల ఫొటోల పోటీకి ఇవాళే ఆఖరు రోజు. నాలుగు రోజులుగా హంస కోసం ఈ హింస.

"ఇంకెంతసేపు మైసయ్యా? కాళ్ళు గుంజుతున్నయి."

"నిలబడితెనే దూరంకెల్లి కనబడ్తయి సేటూ. పోయిన వారం గీడనే మందకు మంద దిగినయి. నా కండ్లతోని చూసిన."

సాయిప్రసాద్ తన ఆకుల రంగు అంగీని, వెడల్పు టోపీని గర్వంగా సవరించుకున్నాడు. "గిది తొడుక్కుంటే చెట్టుకు, నాకు ఫరక్ తెల్వది. పిట్టలకు నేను కనబడనే కనబడ."

"మాకే కనబడ్తలేరు సేటూ!" అంది మైసయ్య భార్య కొమురవ్వ, చల్ల చెంబు అందిస్తూ. "జర చేతులు గూడ ఊపుండ్రి, తిమ్మిర్లు పోతయి."

ఆయన చేతులు బార్లా చాపి ఊపాడు. ఇంత మర్యాద ఇంట్లో కూడా దొరకదు. ఇంట్లో ఉన్నది చెంబులే, చల్ల కాదు.

మధ్యాహ్నానికి ఆకాశంలో బారుగా ఓ గుంపు కనిపించింది. నేరుగా గట్టు దాకా వచ్చింది. ఒక్క చుట్టు తిరిగింది. వాగు దాటి అవతలి పొలాల్లోకి పోయింది. క్లిక్కుమంటే చిక్కింది తోకలే!

"థూ, నా నసీబే గింత!" సాయిప్రసాద్ కెమెరాను సంచిలో కుక్కాడు. "పోటీ ఒడిసింది మైసయ్యా. రేపటిసంది రాను. నా కోసం మీరు గూడ శాన తకలీఫ్ పడ్డరు."

మైసయ్య ముఖం వాడిపోయింది. కొమురవ్వ కళ్ళు చెమర్చాయి. తన ఓటమికి ఇంతగా కుమిలేవాళ్ళను ఆయన ఎన్నడూ చూడలేదు.

"బాధపడకు చెల్లే," అన్నాడు. "ఏం కావాల్నో అడుగు. కాదన."

కొమురవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"గా అంగీ, టోపీ ఇచ్చిపోండ్రి సేటూ, కట్టెకు తొడుగుతం. నాలుగు దినాలసంది మా నారుమడిల ఒక్క పిట్ట దిగలే!"