పసుపు పిడులు

మూడోసారి కడిగిన స్క్రూడ్రైవర్‌ని సాలొమోను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత భార్య చేతికిచ్చాడు. జయకుమారి వాసన చూసి ముఖం చిట్లించింది.

"ఇంకా పోలేదు," అన్నాడు సాలొమోను.

మళ్ళీ బకెట్లో వేశారు.

ఫరీదాబాద్‌లో ఆ రెండు గదుల ఇంటి బాల్కనీ నిండా పాత పేపర్లు పరిచి ఉన్నాయి. వాటి మీద పదకొండు పనిముట్లు. అన్నిటికీ పసుపు రంగు ప్లాస్టిక్ పిడులు, ఆ పిడుల మీద బూజులా తెల్లటి పొర. చంటిపిల్లలు కక్కిన పాలని గుడ్డలో మూటగట్టి వారం రోజులు మరిచిపోతే ఎలా ఉంటుందో, అదీ ఆ కంపు.

ఎనిమిదిన్నర అయింది. పదింటికి సూపర్‌వైజర్ శివకుమార్ వస్తాడు.

సాలొమోను ఇళ్ళకి పైపు గ్యాస్ ఇచ్చే కంపెనీలో కాంట్రాక్టు మెకానిక్. పోయిన శనివారం ఒక ఫ్లాట్‌లో పొయ్యి బాగుచేసి వచ్చాడు. అతను గేటు దాటకముందే ఆ ఇంటావిడ ఆఫీసుకి ఫోన్ చేసింది. మీ మనిషి తాగి వచ్చాడు, దగ్గరకొస్తే కక్కిన వాసన, అని. తాగి డ్యూటీకి వచ్చాడని రాస్తే ఉద్యోగం ఆ పూటే పోతుంది. పదేళ్ళుగా ఎరిగినవాడు గనక శివకుమార్ ఒక్క అవకాశం ఇచ్చాడు. ఇంటికొచ్చి చూసి రాస్తానన్నాడు.

ఆదివారం చర్చిలో అందరికీ పాటల పుస్తకాలు పంచే మనిషి మీద ఈ మాట.

నిజానికి శనివారం సాయంత్రం జయకుమారికీ అనుమానం వచ్చింది. ఇరవై ఏళ్ళుగా నర్సు. మాట్లాడకుండా ముందు అతని నోరు వాసన చూసింది. తర్వాత చొక్కా. చివరికి పనిముట్ల పెట్టె మూత తీస్తే సంగతి బయటపడింది. పట్టుకెళ్ళి చూపిస్తే వీధి చివరి హార్డ్‌వేర్ షాపతను నవ్వాడు. "దీదీ, ఈ రకం ప్లాస్టిక్ పాతబడితే ఇంతే. వానాకాలమంతా మూతపెట్టి ఉంచారు కదా. సబ్బు, తినే సోడా పెట్టి కడగండి. గాలికి ఆరనివ్వండి. మళ్ళీ ఆ పెట్టెలో మాత్రం పెట్టకండి."

కూతురు అనుగ్రహ ముక్కు మూసుకుని బాల్కనీ గుమ్మంలో నిలబడింది. కాలేజీకి టైమవుతున్నా కదలడం లేదు.

"పాపా, ఆప్‌కో పతా నహీ చలా? ఇన్ని రోజులూ తెలియనే లేదా నాన్నా?"

"రోజూ మోసేవాడికి ఏం తెలుస్తుందమ్మా," అన్నాడు సాలొమోను.

నాలుగో కడుగుడుకి జయకుమారి ముఖం మామూలుగా ఉంది. సాలొమోను గట్టిగా ఊపిరి వదిలాడు. తడి పిడులు తుడవడానికి వంటింట్లో పీట వేసుకుని కూర్చున్నాడు. పొయ్యి మీద పోపు మాడుతోంది. బాల్కనీలోంచి జయకుమారే పరుగెత్తుకొచ్చి ఆపింది. అతను తలెత్తలేదు. కళ్ళు పిడుల మీదా గడియారం మీదా తిరుగుతున్నాయి.

ఇంకో స్క్రూడ్రైవర్‌ని మాత్రం ఆమె మొదటినుంచీ కడగనివ్వలేదు. ఆస్పత్రిలో శాంపిల్ కట్టినట్టు పాలిథిన్ సంచిలో పెట్టి మూతి బిగించింది.

శివకుమార్ పది నిమిషాల ముందే వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. ఒక్కో పనిముట్టూ తీసి వాసన చూశాడు.

"సబ్బు వాసన. అంతే," అన్నాడు. "ఇది చూసి నేనేం రాయను సాలొమోన్? ఆవిడ చెప్పింది అబద్ధమనా?"

జయకుమారి పాలిథిన్ సంచి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన ముడి విప్పి తల వెనక్కి విదిలించాడు.

"అరే బాప్ రే." వెంటనే దాన్ని సాలొమోను ముందుకి చాపాడు. "ఇదిగో, నువ్వు చూడు."

సాలొమోను దాన్ని ముక్కు దగ్గరికి తీసుకున్నాడు. ఎదురుగా జయకుమారి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"ఛీ," అంటూ మొహం పక్కకి తిప్పుకున్నాడు సాలొమోను.

"ఈ కంపు పక్కన పెట్టుకుని గ్యాస్ లీకులు ఎలా పట్టుకుంటున్నావయ్యా? మన పనిలో లీకు చూపించే మీటర్ తర్వాత. ముందు ముక్కు."

"తప్పయిపోయింది సార్."

జయకుమారి టీ కప్పు తెచ్చి బల్ల మీద పెట్టింది.

శివకుమార్ అక్కడే నిలబడి ఫోన్‌లో ఏదో టైపు చేశాడు. "రాసేశాను. పనిముట్ల పిడుల వాసన, మనిషి తప్పు లేదు," అని అప్పుడు కూర్చుని టీ తాగాడు. పాత పనిముట్లు పారేసి కొత్తవి కొనుక్కోమన్నాడు. అనుగ్రహ నాన్న భుజం మీద తల ఆనించి ఒక నిమిషం ఉండి, బ్యాగు తగిలించుకుని కాలేజీకి వెళ్ళిపోయింది.

టీ సగంలో ఉండగా శివకుమార్ ఫోన్ మోగింది. రెండు వీధుల అవతల, నాలుగో అంతస్తు. వంటింట్లో గ్యాస్ వాసన వస్తోందట. ఇంట్లో పెద్దావిడ ఒక్కతే ఉందట.

"దగ్గర్లో ఉన్నది నువ్వే. జల్దీ," అని శివకుమార్ లేచాడు.

సాలొమోను చెప్పులు వేసుకున్నాడు. జయకుమారి కడిగిన పనిముట్లు గుడ్డ సంచిలో సర్దింది.

శివకుమార్ మెట్లు దిగి, కింద గేటు వేసిన చప్పుడు వినిపించాక, కరోనా జ్వరంతో పోయిన వాసన పట్టే శక్తి ఈనాటికీ తిరిగిరాని భర్త చేతికి సంచి అందిస్తూ, జయకుమారి రోజూ చెప్పే మాటే మెల్లగా చెప్పింది: "లోపలికి వెళ్ళగానే ముందు ఆవిడ ముఖం చూడండి."